పున్నారావు పేగుకు పన్ను కట్టిందెవరు

కొండ్రుపాలెం ఏరియా ఆసుపత్రి గేటు మీద "ఇచ్చట ఉచిత వైద్యము చేయబడును" అని పాతికేళ్ళుగా ఒక బోర్డు ఉంది. ఒక సోమవారం పొద్దున అందులో "ఉచిత" అన్న మాట మీద తారు పూశారు. మిగతా మాటల జోలికి ఎవరూ పోలేదు. వైద్యం చేయబడుతోందా లేదా అన్నది ఆ తారు డబ్బా పరిధిలోకి రాని విషయం.

తారు పూయించినవారు దివాకరంగారు. ఆసుపత్రిని సంస్కరించి రమ్మని పైవాళ్ళు పంపిన ప్రత్యేకాధికారి. డాక్టరు కాదు. ఫైళ్ళు చదివి పైకొచ్చిన మనిషి, చెడ్డవాడూ కాదు. వచ్చిన రెండో రోజున ఆయన మగవాళ్ళ వార్డులో నడుస్తుంటే ఒక ముసలాయన మంచం మీద కాలు మీద కాలేసుకుని, ఇడ్లీ గట్టిగా ఉందని పక్కవాడితో చెబుతున్నాడు. దివాకరంగారి మనసు చివుక్కుమంది. ఈ మంచం ఎవరి సొమ్ము, ఈ ఇడ్లీ ఎవరి సొమ్ము, ఇంత సొమ్ము పోస్తున్న పుణ్యాత్ముడు ఎవరో తెలుసుకోవాలన్న ఇంగితమైనా ఈ ముసలాయనకు లేదే అని బాధపడ్డారు. అన్నం మానేసి ఉత్తర్వు రాశారు.

"లోకమున ఉచితమనునది లేదు. ప్రతి మాత్ర వెనుకను ఒక పన్నుదాత కలడు. సదరు పన్నుదాత ఎవరో ఎరుగకయే రోగి కోలుకొనుట కృతఘ్నత క్రిందికి వచ్చును. కావున ఇకమీదట ప్రతి రోగికిని ఒక పన్నుదాతను అనుసంధానించి, అతని అనుమతి మేరకు మాత్రమే చికిత్స జరుపవలెను."

ఈ సంగతులేవీ నాంచారమ్మకు తెలియవు. ఆమెకు తెలిసిందల్లా మొగుడికి పేగు జారిందని. పున్నారావు ఇరవై రెండేళ్ళుగా కోల్డ్ స్టోరేజిలో మిరపకాయల టిక్కీలు మోసే హమాలీ. టిక్కీ అంటే కాళ్ళతో తొక్కి తొక్కి కాయ కుక్కిన గోతం, దాన్ని వీపు మీద వేసుకుని మెట్లెక్కాలి. పోయిన వారం అలా ఎక్కుతుంటే గజ్జలో ఏదో తెగినట్టయి, నిమ్మకాయంత గడ్డ బయటికొచ్చింది. నాంచారమ్మ కూడా ఆ కోల్డ్ స్టోరేజిలోనే మిరపకాయల తొడిమలు తీస్తుంది. ఆ రోజు కూలి వదులుకుని, మొగుణ్ణి ఆటో ఎక్కించుకుని వచ్చింది.

కౌంటరు దగ్గర గుమాస్తా జోజిబాబు పేరు రాసుకున్నాడు, ఊరు రాసుకున్నాడు, రోగం రాసుకున్నాడు. తర్వాత తలెత్తి అడిగాడు.

"పన్నుదాత ఎవరు?"

"అంటే ఎవురు బాబూ?"

"నీ మొగుడి వైద్యానికి డబ్బు కట్టే పెద్దమనిషి."

"సర్కారు కదా కట్టేది."

"సర్కారుకి ఎక్కణ్ణించి వస్తదమ్మా? చెట్లకి కాస్తందా?"

ఆ ప్రశ్న న్యాయంగానే ఉందనిపించింది నాంచారమ్మకు. తనకు తెలిసినంతలో సర్కారుకి డబ్బు ఎక్కడినుంచి వస్తుందో ఎవరూ చెప్పలేదు. జోజిబాబు జాలిపడి, ఊళ్ళో పన్నుదాతలని పేరుపడ్డ ముప్ఫై ఒక్కమంది జాబితా తీసి, ఖాళీగా ఉన్న పేరు పక్కన టిక్కు పెట్టాడు.

"చలమయ్యగారు. కోల్డ్ స్టోరేజి ఓనరు. మంచి పార్టీ దొరికింది పో."

అలా పున్నారావు పద్నాలుగో మంచం మీదికి చేరాడు. మంచం తలాపున మేకుకి చలమయ్యగారి ఫొటో, దానికి ప్లాస్టిక్ దండ. ప్రతి మంచానికీ ఇలాగే ఒక పెద్దమనిషి వేలాడుతున్నాడు. పొద్దున ఎనిమిదింటికి నర్సు గంట కొట్టగానే లేవగలిగినవాళ్ళు లేచి, లేవలేనివాళ్ళు పడుకునే, ఫొటో వైపు తిరిగి చేతులు జోడించి, "తమరి సొమ్ముతో నేను స్వస్థుడనగుచున్నాను, కృతజ్ఞుడను" అనాలి. మాట పడిపోయినవాళ్ళ తరఫున బంధువులు అనవచ్చునని ఉత్తర్వులో వెసులుబాటు కూడా ఉంది.

సాయంత్రం నాలుగింటికి పన్నుదాతలు తమ తమ రోగులను చూసుకోవడానికి వచ్చేవారు. మొదట్లో సరదాకి వచ్చారు. తర్వాత హక్కు తెలిసొచ్చింది. బట్టల షాపాయన తన రోగికి కోడిగుడ్డు పెట్టవద్దన్నాడు. తాను శాకాహారి, తన డబ్బుతో గుడ్డు తింటే ఆ పాపం తనకు వస్తుందట. రెండో మంచం రోగి ఎంత చేసినా పోయాడు. అతని పన్నుదాత అయిన సిమెంటు వ్యాపారి, ఇంత పెట్టుబడి పెట్టాక చెప్పాపెట్టకుండా పోవడమేమిటని పోయినవాడి కొడుకును నిలదీశాడు. తనకు విరేచనాలవాణ్ణి ఇచ్చి పక్కింటివాడికి గుండె ఆపరేషను ఇచ్చారని రైసు మిల్లు ఆయన అలిగి వెళ్ళిపోయాడు. దివాకరంగారు ఇవన్నీ విని, ప్రజల్లో బాధ్యత మేల్కొంటోందని పైవాళ్ళకు నివేదిక పంపారు.

చలమయ్యగారు మూడో రోజున వచ్చారు. తన ఫొటో బాగానే ఉందని చూసుకుని, దాని కిందున్న మనిషిని అప్పుడు చూశారు.

"నువ్వా పున్నారావు. ఏంది, వారం రోజులనించి పన్లోకి రావట్లా?"

"పేగు జారిందంటయ్యా."

"ఎక్కడికి?"

పున్నారావు సిగ్గుపడి దుప్పటి కొద్దిగా పక్కకు తీసి చూపించాడు. చలమయ్యగారు ముఖం తిప్పుకుని, పక్కనే ఉన్న దివాకరంగారితో గొంతు తగ్గించి మాట్లాడారు. తన డబ్బు కంటికో, చెవికో, గుండెకో వెళ్ళాలి గాని నడుం కిందికి వెళ్ళడం వంశానికి మర్యాద కాదన్నారు. పైగా తన ఫొటో ఈ రోగం మీద వేలాడుతోందని తెలిస్తే నలుగురిలో తలెత్తుకోలేనన్నారు. ఆపరేషనుకి అనుమతి ఇవ్వనన్నారు. ఇంత బరువులు ఎవరు మొయ్యమన్నారయ్యా నిన్ను అని పున్నారావును కోప్పడి మరీ వెళ్ళారు.

ఆపరేషన్ చెయ్యాల్సిన డాక్టరు సువర్ణరాజు నాంచారమ్మను వరండాలోకి పిలిచాడు.

"ఇవాళ గడ్డని చేత్తో నెడితే లోపలికి పోతంది. ఏదో ఒక రోజు పోదు. అప్పుడు పేగు మెలిపడిద్ది. మెలిపడ్డాక నా చేతుల్లో కూడా ఏమీ ఉండదమ్మా. ఈ లోపల పన్నుదాత సంతకం ఒకటి తెచ్చుకో."

నాంచారమ్మ ఆ మాట విని గోడకు ఆనుకుని నిలబడింది. మొగుడు తాగుబోతే, కూలి డబ్బులు సీసాల్లోకి పోసినవాడే. అయినా ఆ మనిషి లేకపోవడమన్న మాట ఆమె తలుచుకోలేకపోయింది.

ఆమె అదృష్టమో దురదృష్టమో, దివాకరంగారికి ఆ వారమే ఇంకో ఆలోచన వచ్చింది. పన్నుదాతలకు శాలువాలు కప్పి సన్మానం చెయ్యాలని. సన్మానానికి ముందు ఎవరెంత కట్టారో దాఖలాలు తెమ్మన్నారు, కట్టినదాన్ని బట్టి శాలువా అంచు వెడల్పు ఉంటుందని.

చలమయ్యగారు పెద్ద ఫైలే తెచ్చారు. అందులో తేలిందేమిటంటే, ఆయన రైతు, రైతుకు ఆదాయపు పన్ను లేదు. కోల్డ్ స్టోరేజి భార్య పేరన ఉంది. అది కట్టిన నాటినుంచీ నష్టాల్లోనే ఉంది. ఆ నష్టాలు తట్టుకోలేకే దాని మీద రెండో అంతస్తు వేశారు, ఇంకా తట్టుకోలేక మూడోది వేశారు. బట్టల షాపాయనది ఉమ్మడి కుటుంబం, ఆ కుటుంబంలో ఎవరికీ విడిగా ఆదాయం లేదు. సిమెంటు వ్యాపారికి సర్కారే తిరిగి ఇవ్వాల్సి ఉంది. ముప్ఫై ఒక్క ఫైళ్ళూ ఒక్క తీరుగానే ఉన్నాయి. ఊళ్ళో ఆదాయపు పన్ను నిజంగా కడుతున్నవాళ్ళు చివరికి ఆసుపత్రి నర్సులు, బడి పంతుళ్ళు తేలారు. కానీ దివాకరంగారు వాళ్ళను ఒప్పుకోలేదు.

"సర్కారు ఇచ్చిన జీతములో నుండి సర్కారు తీసికొనునది దానము కాదు, చిల్లర సర్దుబాటు," అన్నారు.

ఆ మధ్యాహ్నం ఫొటోలన్నీ దించేశారు. గోడకు మేకులు మాత్రం మిగిలాయి. వెంటనే ఉత్తర్వు వచ్చింది. "నిజమైన పన్నుదాత తేలువరకు శస్త్రచికిత్సలు నిలిపివేయడమైనది. ఈ లోపల రోగులు తమ రోగములను యథాస్థితిలో ఉంచుకొనవలెను."

నాంచారమ్మ దివాకరంగారి గది ముందు రెండు గంటలు నిలబడి లోపలికి వెళ్ళింది.

"అయ్యా, ఆ పెద్దమనుషులు ఎవురూ కట్టలేదంట కదా. మరి ఇన్నేళ్ళూ ఈ ఆసుపత్రి ఎవురి డబ్బుతో నడిచింది?"

దివాకరంగారి ఇరవై ఎనిమిదేళ్ళ ఉద్యోగంలో ఆ ప్రశ్న ఏ ఫైల్లోనూ రాలేదు.

"ప్రజలు వస్తువులు కొనునప్పుడు ధరలోనే కలిసియుండు పరోక్ష పన్ను కొంత కలదమ్మా. సబ్బు కొన్నను, టీపొడి కొన్నను, సెల్‌ఫోనులో డబ్బు వేసుకొన్నను అది ఖజానాకు చేరును. అయితే అది ఎవరు కట్టిరో దాఖలా యుండదు. దాఖలా లేని చెల్లింపును ఈ కార్యాలయము గుర్తింపజాలదు."

"కొన్నట్టు చూపిస్తే చాలా అయ్యా?"

"చూపినచో పరిశీలింపవచ్చును."

"ఖాళీ పాకెట్లు పనికొస్తయ్యా?"

ఆయన ఉత్తర్వు తీసి మొదటినుంచి చివరిదాకా చదివారు. "నిషేధము లేదు," అన్నారు.

సాయంత్రానికి నాంచారమ్మ ఆటోలో రెండు గోతాలు తెచ్చింది. మొదటిదాంట్లో సబ్బు రేపర్లు, టీపొడి పాకెట్లు, షాంపూ చీటీలు. పది టీ పాకెట్లు తెస్తే గాజు గ్లాసు ఇస్తారని కంపెనీవాళ్ళు ఏడేళ్ళ కిందట చెబితే దాచడం మొదలుపెట్టింది, గ్లాసు రాలేదు గాని అలవాటు పోలేదు. రెండోదాన్ని దించుతుంటే గలగలమంది. అందులో ఉన్నవి సీసాలు. పున్నారావు అక్క ఒకావిడ ఉంది. తమ్ముడు చుక్క ముట్టడని, అంతా మరదలి కల్పన అని ఊరంతా చెబుతుంది. ఆవిడ ముందు ఒకనాడు కుప్ప పొయ్యాలని నాంచారమ్మ మూడేళ్ళ సీసాలు, ఒక్కటి కూడా పాత సామాన్లవాడికి వెయ్యకుండా, మంచం కింద పోగేసింది.

లెక్క రెండు రోజులు సాగింది. రేపర్లు ఎగిరిపోకుండా ఫ్యాను ఆపేశారు. ఫార్మసిస్టు సీసా మీద ముద్ర చదివేవాడు, జోజిబాబు రాసేవాడు, దివాకరంగారు చెమటలు తుడుచుకుంటూ పర్యవేక్షించేవారు. సబ్బుల మీద కొంత తేలింది, టీపొడి మీద కొంత. సీసాల మీదికి వచ్చేసరికి జోజిబాబు కలం ఆగిపోయింది. సీసాలో మందు ఖరీదు కన్నా దాని మీద పన్నే ఎక్కువ. మళ్ళీ లెక్కపెట్టినా అంతే వచ్చింది. కొండ్రుపాలెంలో దాఖలాతో సహా నిరూపణ అయిన పన్నుదాతల్లో మొదటివాడు, పద్నాలుగో మంచం మీద మూలుగుతున్న పున్నారావు.

దివాకరంగారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. ఆయనలోని గొప్ప గుణం అదే, లెక్క ఏది చెబితే దానికి నమస్కారం పెడతారు. పున్నారావు రేషను కార్డు మీది ఫొటోను పెద్దది చేయించి అన్ని మంచాల మీదా అదే తగిలించారు. తెల్లవారి ఎనిమిది గంటలకు వార్డంతా పున్నారావుకు చేతులు జోడించింది. పున్నారావుకు నొప్పి కొద్దిగా తగ్గినట్టయింది. కాలు మీద కాలేసుకున్న ముసలాయన్ని పిలిచి కాలు దించమన్నాడు. ఇడ్లీ ఎందుకు గట్టిగా ఉంటోందని వంటమనిషిని అడిగించాడు.

"ఇంక ఆపరేషను చెయ్యండయ్యా," అంది నాంచారమ్మ.

"అచ్చటనే చిక్కు వచ్చినది," అన్నారు దివాకరంగారు. "ఏడవ నిబంధన ప్రకారము పన్నుదాతయు రోగియు వేరు వేరు వ్యక్తులై యుండవలెను. ఒక్కరే అయినచో ఎవరు ఎవరికి కృతజ్ఞత తెలుపవలెను? మీ భర్తగారు ఊరిలో అందరికిని చికిత్స చేయింపవచ్చును, తనకు తప్ప."

 తొడిమలు తీసే నాంచారమ్మకు ఓపిక ఎక్కువ. ఒక్కో కాయా పట్టుకుని చూసినట్టే ఆ మాటను తిప్పి చూసింది.

"మొదటి గోతం ఎవురిదయ్యా?"

"అనగా?"

"సబ్బులూ టీపొడీ నేను కొన్నయ్యి. నా కూలి డబ్బులవి. ఆయనకి నన్ను పెట్టండి."

దివాకరంగారు మళ్ళీ ఉత్తర్వు చదివారు. భార్య పన్నుదాత కారాదని ఎక్కడా లేదు. అయితే రోగి సాక్షుల ముందు, పన్నుదాత ముఖం చూసి, కృతజ్ఞతా వాక్యం చెప్పాలి. అప్పుడే అనుమతి చెల్లుతుంది.

పున్నారావు ఒప్పుకోలేదు.

"పెళ్ళానికి దణ్ణం పెట్టి కోయించుకోవాలా? నలుగురూ నాకు పెడతన్నారు ఇక్కడ."

"ఒక్క మాట అనయ్యా, నీకు పుణ్యముంటది," అని నర్సు బతిమాలింది. డాక్టరు బతిమాలాడు. పున్నారావు గోడవైపు తిరిగి పడుకున్నాడు. రోజంతా అలాగే గడిచింది. మర్నాడు పొద్దున గంట కొట్టే వేళకు అతను చేతులు జోడించిన వార్డును చూడలేదు. దుప్పటి పట్టుకుని మెలికలు తిరిగిపోతున్నాడు. డాక్టరు పరుగున వచ్చి గడ్డ మీద చెయ్యి వేశాడు. నెడితే పోలేదు.

"ఇదే ఆ రోజు," అన్నాడు.

ట్రాలీ వచ్చింది. దానితోపాటు ఉత్తర్వు చేతబట్టుకుని దివాకరంగారు కూడా వచ్చారు. నాంచారమ్మ మొగుడి చెయ్యి పట్టుకుంది. ఆమెకు భయం, కోపం రెండూ ఒక్కసారే వచ్చాయి.

"అనవయ్యా. నీకు దణ్ణం పెడతా, అను. ఆ మాట నాకేం వద్దు. నువ్వు కావాల నాకు."

పున్నారావు పైకప్పు వైపు చూస్తూ "తమరి సొమ్ముతో" అన్నాడు.

"ముఖము చూసి," అన్నారు దివాకరంగారు.

పున్నారావు ముఖం తిప్పి భార్యను చూశాడు. ఎన్నేళ్ళయిందో అంత దగ్గరగా చూసి. మిరపఘాటుకి ఎర్రబడి అలాగే ఉండిపోయిన కళ్ళు, పగుళ్ళు పడిన వేళ్ళు. వాక్యం మర్చిపోయాడు.

"నీ డబ్బులేనే నాంచారీ. సీసాలయ్యి కూడా నీ డబ్బులే. నా కూలి ఏనాడన్నా ఇంట్లో ఇచ్చానా," అని ఏడ్చాడు.

"ఇది నిర్ణీత వాక్యము కాదు," అన్నారు దివాకరంగారు. కానీ డాక్టరు సువర్ణరాజు అప్పటికే ట్రాలీని తోసుకుంటూ ఆయన్ని దాటిపోయాడు.

పేగు బతికింది, మనిషీ బతికాడు. ఆరో రోజున డాక్టరు డిశ్చార్జి కాగితం మీద రెండు ముక్కలు రాసి చదివి వినిపించాడు. జీవితంలో బరువు ఎత్తకూడదు. మందు ముట్టకూడదు. నాంచారమ్మ ఆ కాగితాన్ని రెండు కళ్ళకూ అద్దుకుంది.

దివాకరంగారికి ఈ కాగితం నకలు అందేసరికి ముఖం పాలిపోయింది. జోజిబాబును వెంటబెట్టుకుని గబగబా వచ్చి వరండాలో వాళ్ళను అందుకున్నారు.

"డాక్టరుగారు వైద్య దృష్టితో వ్రాసినారు. సంస్థ దృష్టితో చూడలేదు," అన్నారు. "అమ్మా, మీ భర్తగారు సామాన్యులు కారు. ఈ ఆసుపత్రికి మూలస్తంభము. వారు మానివేసినచో రేపు పేగు జారిన పేదవానికి దిక్కెవరు? అందుచేత సలహాను స్వల్పముగా సవరించినాము." జోజిబాబు కొత్త కాగితం చదివాడు. "రోగి తన ఆరోగ్యము చెడనంతవరకును, ఆసుపత్రి ఆర్థికము చెడనంతవరకును మద్యము సేవించవలెను."

పున్నారావు కొంచెం నిటారుగా నిలబడ్డాడు. గోడ మీద తన ఫొటో వైపు చూసి, భార్య వైపు చూశాడు.

"నా కోసం కాదంటన్నారే. ఊరి కోసమంట."

ఆ మాటకు నాంచారమ్మ హడలిపోయింది. ఇన్ని రోజుల ఆసుపత్రిలో అంత భయం ఆమెకు ఆపరేషను గది బయట కూడా వెయ్యలేదు. కొత్త కాగితాన్ని జోజిబాబు చేతిలోంచి తీసుకుని, మడిచి, దివాకరంగారి చేతిలోనే పెట్టింది.

"అయ్యా, ఈయన కోతకి పన్నుదాత ఎవురని రాశారు?"

"తమరే."

"మరయితే ఎట్టా ఉండాలో నేను చెబుతా. పన్నుదాత చెప్పినట్టే కదా ఇక్కడ జరిగేది. ఒకాయన గుడ్డు వద్దంటే మానిపించారు. నేను మందు వద్దంటన్నా. రాసుకోండి."

దివాకరంగారు నిబంధనలన్నీ మనసులో తిరగేసుకున్నారు. ఆమె మాటకు ఎక్కడా అడ్డం దొరకలేదు. ఆయన నిజంగానే బెంగపడిపోయారు.

"మరి ఆసుపత్రి ఎట్లు నడవవలెనమ్మా?"

"చలమయ్యగారి చేత తాగించండి. ఆయన ఇంతవరకూ ఏం కట్టలేదుగా."

దివాకరంగారికి ఆ సూచనలో న్యాయం కనిపించింది. జోజిబాబు వైపు తిరిగి, చలమయ్యగారికి వెంటనే లేఖ రాయమన్నారు.

జోజిబాబు కలం తీశాడు. "రోజుకి ఎన్ని సీసాలని రాయమంటారు సార్?"

ఆయన లెక్కవేస్తుండగానే నాంచారమ్మ మొగుడి భుజం కింద చెయ్యి వేసి మెట్లు దింపింది. గేటు దగ్గర పున్నారావు ఒక్కసారి ఆగి వెనక్కి చూడబోయాడు. ఆమె చూడనివ్వలేదు.